అబ్బా ఆవాజ్ వెనక గుయ్‌మనే చప్పుడు

మా అబ్బా ఆవాజ్ ఈ దునియాలో ఒక్క చోటే మిగిలింది. అరవై నిమిషాల సోనీ క్యాసెట్టు. ఎ సైడ్ మీద ఆయన చేత్తోనే ఉర్దూలో ‘ఘర్ వాలోఁ కే లియే’ అని రాసుంటుంది. బి సైడ్ మీద ఏమీ రాసుండదు.

1990లో రంజాన్ అయిపోయాక, సెలవు మీద వస్తున్న మన కడప ఆయన చేతికిచ్చి కువైట్ నుంచి పంపింది అది. కడప, రాయచోటి వైపు పెరిగిన నా ఈడువాళ్ళకి ఈ క్యాసెట్ల ముచ్చట కొత్తగా చెప్పక్కర్లేదు. మా అబ్బాకు రాయడం వచ్చు, అమ్మీకి చదవడం రాదు. ఖత్ వస్తే గల్లీలో ఎవరో ఒకరు చదివి పెట్టాల. మియా బీవీ మధ్య మాట మూడో మనిషి నోట్లోంచి వినడం అమ్మీకి షరమ్. అందుకని క్యాసెట్టు. ఎ సైడ్ పిల్లలకి, దాదీకి, ఫుప్పూలకి, అందరికీ సలాములు, ఖైరియత్‌లు, ఎవరు ఎంత అప్పు తీర్చాల్నో ఆ లెక్కలు. బి సైడ్ అమ్మీకి. తలుపు గడియ పెట్టుకుని, సౌండు తగ్గించుకుని వినేది.

ఆ ఆగస్టు 2న ఇరాక్ ఫౌజ్ కువైట్‌లో దిగింది. లక్షన్నరకు పైగా మనదేశం వాళ్ళు వెనక్కొచ్చారు, ఎక్కువమంది అమ్మాన్ మీదుగా. అబ్బా కూడా అట్లనే ఒక చేతి సంచీతో ఇల్లు చేరాడు. మళ్ళీ పోలేదు. 2006లో ఇంతెఖాల్ అయ్యాడు. అంతకు ముందు పంపిన క్యాసెట్లు పదీ పన్నెండు ఉండాల. అవి ఏమైనాయని అడక్కండి. వాటి మీద నేనూ భయ్యా సినిమా పాటలు ఎక్కించుకున్నాం. పదేళ్ళ పిల్లలకి అబ్బా గొంతు ఎక్కడికి పోతుందిలే అనిపిస్తుంది, ఖాళీ క్యాసెట్టు దొరకడమే ముష్కిల్ అనిపిస్తుంది. ఈ ఒక్కటి అమ్మీ ట్రంకుపెట్టెలో ఉండబట్టి బతికింది.

మొన్న జనవరిలో బడే భయ్యా కువైట్ నుంచి ఫోన్ చేసి, ‘ఆ క్యాసెట్టు ఎట్లన్నా ఫోన్లోకి ఎక్కించి పంపు రే’ అన్నాడు. అబ్బా పని చేసిన ఊళ్ళోనే ఆయనా ఉన్నాడు ఇన్నేళ్ళుగా. సరే అన్నాను. ఎంత పని, ఒక గంట అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. ఈ రాతంతా ఆ మూడు వారాల సంగతే.

అటక మీద కువైట్ టేప్‌రికార్డర్ ఉంది, రెండు స్పీకర్లది. స్పీకర్లు ఎప్పుడో చచ్చిపోయాయి, హెడ్‌ఫోన్ రంధ్రం మాత్రం పని చేస్తోంది. లోపల సాగిపోయిన రబ్బరు బెల్టును ఒక పాత రేడియో మెకానిక్ మార్చిపెట్టాడు. దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక తీగ, ఆ తీగ చివర యూఎస్‌బీలో దూర్చే చిన్న డబ్బీ, ఆ డబ్బీ లాప్‌టాప్‌లో. టేపు ఇక్కడ తిరుగుతుంటే అక్కడ ఫైలు తయారవుతుంది. గల్లీలో ఆటోలు, మిక్సీలు లేవకముందే చేద్దామని తహజ్జుద్ వేళకి లేచి, ఎ సైడ్ ముప్పై నిమిషాలూ ఎక్కించాను. తెర మీద గీతలు లేస్తూ పడుతూ ఉన్నాయి. అల్‌హందులిల్లా, అయిపోయింది అనుకుని ఇయర్‌ఫోన్లు లాప్‌టాప్‌కి పెట్టుకుని విన్నాను.

సుయ్‌మని ఖాళీ టేపు చప్పుడు. అంతే. అబ్బా లేడు.

ముందుకు జరిపాను, వెనక్కి జరిపాను. ముప్పై నిమిషాలూ అదే. ఇయర్‌ఫోన్లు పీకి లాప్‌టాప్ స్పీకర్లలో విందామంటే స్పీకర్లు ఖామోష్. అవి నెలరోజులుగా అంతే, ఇయర్‌ఫోన్లు తీసేసినా తెర మీద ‘హెడ్‌ఫోన్స్’ అనే చూపిస్తోంది. టైపు చేసుకునే నా పనికి స్పీకర్లతో పనేముందని పట్టించుకోలేదు.

అప్పుడు క్యాసెట్టు తీసి చూసుకున్నాను. మీకు గుర్తుండే ఉంటుంది, క్యాసెట్టు పై అంచున రెండు చిన్న పలుకులు ఉంటాయి. వాటిని విరగ్గొడితే ఇక దాని మీద ఎవరూ రికార్డు చెయ్యలేరు. ఈ క్యాసెట్టుకి రెండు పలుకులూ ఉన్నాయి. పాడు చీకట్లో, నిద్ర కళ్ళతో, ప్లే బటన్‌తో పాటు పక్కనున్న ఎర్ర బటన్ కూడా నొక్కేశానా? పాటలు ఎక్కించుకున్న ఆ పిల్లాడే నలభై దాటాక వచ్చి చివరిది కూడా చెరిపేశాడా?

అమ్మీకి చెప్పలేదు. మూడు రోజులు చెప్పలేదు. టేపు మళ్ళీ ఆ మిషన్లో పెట్టి చూడటానికి చెయ్యి రాలేదు. పెడితే మిగిలిందేదో అదీ పోతుందేమోనని భయం. బదులుగా లాప్‌టాప్ మీద పడ్డాను. సౌండు డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను, మూడుసార్లు. సెట్టింగుల్లో కనిపించిన ప్రతి గడీ నొక్కి చూశాను. ఒక పెద్ద దుకాణానికి తీసుకెళితే అక్కడి పిల్లవాడు ఇయర్‌ఫోన్ పెట్టి ఒక నిమిషం విని, ‘మదర్‌బోర్డు సార్, తొమ్మిది వేలు’ అన్నాడు.

నాలుగో రోజు రాత్రి భయ్యా మళ్ళీ అడిగాడు. అబద్ధం చెప్పలేక, ‘టేపులో ఏం మిగల్లేదు భయ్యా, మాఫ్ చెయ్’ అని రాసి, నమ్ముతాడో లేదోనని ఆ ఫైలు కూడా వాట్సాప్‌లో పంపి, ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను. ఇషా అయి చాలాసేపైంది. ఫోన్ మోగింది. భయ్యా మాట్లాడట్లేదు, ఏడుస్తున్నాడు. నాకు గుండె జారిపోయింది. కాసేపటికి అన్నాడు: ‘ఏం మిగల్లేదంటావేంది రే. సాఫ్ వినపడ్తాంది. నిన్ను బిస్మిల్లా పుస్తకం ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతున్నాడు. వెనక తేనెటీగల గుంపు మాదిరి గుయ్‌మంటాంది, అంతే.’

నా జేబులోనే ఫోను ఉంది. ఆ ఫైలు ఫోన్లో పెట్టి వినాలని నాలుగు రోజుల్లో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. తెర మీద గీతలు మనిషి మాటలాగే లేచి పడుతుంటే కళ్ళతో చూసి కూడా, చెవికి వినపడలేదు కదాని లేదనుకున్నాను. భయపడ్డవాడి అఖల్ అట్లాగే పని చేస్తుందేమో.

ఇక్కడ కొంచెం ఆగి ఈ మాయ ఏందో చెప్తాను, మీలో ఎవరికన్నా పనికొస్తుంది. ఇయర్‌ఫోన్ పిన్ను మీద నల్లటి గీతలు చూసుంటారు. అవి దాన్ని ముక్కలుగా విడదీస్తాయి. కొనమీద ముక్క ఎడమ చెవిది, దాని తర్వాతిది కుడి చెవిది, ఆ వెనకది రెండింటికీ ఉమ్మడి తిరుగుదారి. దాన్ని గ్రౌండ్ అంటారు. చెవిదాకా వచ్చిన కరెంటు ఆ దారిన వెనక్కి పోవాల. లాప్‌టాప్ రంధ్రంలో ఆ ఉమ్మడి దారి తెగిపోతే, ఎడమ నుంచి వచ్చింది కుడి గుండా పోవడానికి చూస్తుంది, కుడి నుంచి వచ్చింది ఎడమ గుండా. అప్పుడు చెవికి చేరేది రెండింటికీ ఉన్న తేడా మాత్రమే. తరాజులో రెండు పళ్ళేల్లోనూ సమానంగా వేస్తే ముల్లు కదలదు కదా, అదీ సంగతి. అబ్బా దగ్గర కువైట్‌లో ఉన్నది ఒకే మైకు, ఒకే స్పీకరు టేప్‌రికార్డర్. కాబట్టి ఆయన గొంతు రెండు వైపులా అచ్చంగా ఒకటే. తేడా సున్నా. టేపు సుయ్‌మనడం మాత్రం ఈ వైపుది ఆ వైపుతో కలవదు, అందుకని అది మిగిలింది. గుయ్‌మనే చప్పుడు కూడా రెండు వైపులా సమానమే, అదీ నాకు వినపడలేదు.

యకీన్ కోసం లాప్‌టాప్‌లో ఒక నాత్ పెట్టి విన్నాను. పాడే ఆయన మాయం. ఆయన గొంతుకు స్టూడియోలో కలిపిన ప్రతిధ్వని మాత్రం ఉంది, ఎక్కడో నాలుగు వీధులవతల మస్జిద్‌లోంచి వస్తున్నట్టు. పిన్నును ఒక వెంట్రుకవాసి బయటికి లాగి పక్కకు నొక్కి పట్టుకున్నాను. పాడే ఆయన తిరిగొచ్చి చెవిలో నిలబడ్డాడు. వదిలేశాను, వెళ్ళిపోయాడు. అవే ఇయర్‌ఫోన్లు ఫోనుకు పెడితే బ్రహ్మాండంగా ఉన్నాయి. అంటే జబ్బు ఇయర్‌ఫోన్లది కాదు, ఫైలుది కాదు, టేపుది అసలే కాదు. లాప్‌టాప్ రంధ్రానిది.

బస్టాండు వెనక సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక చిన్న కొట్టతను లాప్‌టాప్ విప్పి, భూతద్దంలో నాకే చూపించాడు. రంధ్రం లోపలి ఇత్తడి ముక్కకి వేసిన టంకం చుట్టూ సన్నటి పగులు. ప్రెస్‌మీట్ల రికార్డింగులు వినడానికి రోజూ దూర్చి, పీకి, తీగ తగులుకుని లాగి, నేను చేసిన పనే. టంకం మళ్ళీ పెట్టాడు. పిన్ను ఉందా లేదా అని లాప్‌టాప్‌కి చెప్పే ఒక చిన్న రేకు లోపల పొడి పట్టి ఇరుక్కుపోయిందట, దాన్ని స్పిరిట్‌తో కడిగాడు. స్పీకర్లు ఎందుకు ఖామోష్‌గా ఉన్నాయో అప్పుడు తెలిసింది. రేకు లోపలే ఇరుక్కుంటే పిన్ను ఇంకా ఉందనే దాని నమ్మకం. మూడువందల యాభై రూపాయలు. తొమ్మిది వేలు చెప్పిన దుకాణం మీద నాకు కోపం లేదు, కానీ మీరు ఏ దుకాణానికి పోయినా ‘మదర్‌బోర్డు’ అనే మాట వినపడితే లేచి ఇంకో దుకాణానికి పోండి.

ఇక మిగిలింది తేనెటీగలు.

ఇంటికొచ్చి స్పీకర్లలో పెడితే భయ్యా చెప్పింది తక్కువే అనిపించింది. అబ్బా ఒక ఫ్యాక్టరీలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. ఆ చప్పుడు జాతి నాకు తెలుసు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అది ఆవాజ్ దారిలోకి జొరబడితే ఇట్లాగే గుయ్‌మంటుంది. ఉర్దూ మీడియంలో మాకు దాన్ని ‘బర్కీ రౌ’ అని చెప్పారు, డిగ్రీకి వచ్చాక అది ‘విద్యుత్ ప్రవాహం’ అయింది. రెండు పేర్లు తెలుసుకదాని దాని గురించి ఏదో తెలుసనుకునేవాణ్ణి.

మొదటి పరీక్ష అందరూ చేసేదే. లాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే చప్పుడు ఆగిపోయింది. పెడితే వచ్చింది. ‘బ్యాటరీ మీద ఎక్కించుకోండి సార్, అయిపోతుంది’ అన్నాడు టంకం పెట్టినతను ఫోన్లో. నిజానికి నేను అక్కడితో ఆగిపోయేవాణ్ణి. కానీ నా లాప్‌టాప్ ముసలిది, బ్యాటరీ పదిహేను నిమిషాలు లాగితే గొప్ప. క్యాసెట్టు ఒక వైపు ముప్పై నిమిషాలు. ఛార్జర్ లేకుండా కుదరదు. బ్యాటరీ కొత్తదై ఉంటే ఏమై ఉండేదో అని ఇప్పటికీ అప్పుడప్పుడు ఫిక్ర్ పడతాను.

ఆ ఫైలును తెర మీద సాగదీసి చూస్తుంటే ఒక అజీబ్ సంగతి కనిపించింది. మాటల మధ్య ఖాళీల్లో చప్పుడు తాలూకు గీత లావుగా, ఒకే మందంగా పోతోంది. పదమూడో నిమిషం దగ్గర కత్తితో కోసినట్టు సన్నబడిపోయింది. మళ్ళీ ఇరవై ఒకటో నిమిషంలో అంతే హఠాత్తుగా లావైంది. ఆ ఎనిమిది నిమిషాలూ అబ్బా పక్కన కూచుని మాట్లాడుతున్నట్టు సాఫ్‌గా ఉన్నాడు. దాదీకి కంటి ఆపరేషన్ చేయించమంటున్నాడు. చప్పుడు ఎందుకు ఆగింది? నేను ఏమీ ముట్టుకోలేదు. ఎందుకు మళ్ళీ వచ్చింది?

లాప్‌టాప్ ముట్టుకుంటే చేతికి సన్నగా జుమ్మనేది, అది ఎప్పట్నుంచో ఉంది. ఇనుప ఒళ్ళున్న లాప్‌టాప్‌లు కొన్ని అంతే అని ఎవరో చెబితే వదిలేశాను. అది సగం నిజం. రెండు పిన్నుల ఛార్జర్ అయితే లోపలి చిన్న కెపాసిటర్ గుండా లేశమంత కరెంటు ఒంటి మీదికి కారుతుంది. జుమ్మంటుంది కానీ ప్రమాదం కాదు. కానీ నాది మూడు పిన్నుల ఛార్జర్. ఆ మూడో పిన్ను, పైన ఉండే లావుది, ఉన్నదే ఆ కారిన కరెంటును భూమిలోకి పంపడానికి. మూడు పిన్నులున్నా జుమ్మంటోందంటే ఆ పిన్ను వెనక గోడలో భూమి లేదన్నమాట.

ఇది అర్థం కావడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది. అర్థమైన మరుక్షణం గుర్తొచ్చింది, అమ్మీ మాట.

డిసెంబరు నుంచి అమ్మీ ఒకటే చెబుతోంది. ‘నల్ కాట్రా రే.’ కొళాయి కొరుకుతోందంటుంది. ఫజర్‌కి వుజూ చేస్తుంటే వేళ్ళకి చీమలు కుట్టినట్టు ఉంటుందట. ఒక్కోరోజు మోచేతి దాకా. అమ్మీకి పద్నాలుగేళ్ళుగా షుగర్. కాళ్ళల్లో తిమ్మిర్లు మామూలే. డాక్టరుకి చెబితే నరాల మాత్ర ఇంకోటి రాసిచ్చాడు. అమ్మీ మాత్ర వేసుకుంది, నల్ కొరకడం ఆగలేదు. నేను కూడా ఒకరోజు పోయి కొళాయి పట్టుకుని చూశాను. ఏమీ లేదు. ‘వహమ్ అమ్మీ, షుగర్‌కి అట్లా ఉంటుంది’ అన్నాను. తర్వాత ఆమె నాకు చెప్పడం మానేసింది. కొళాయి తిప్పేముందు దుపట్టా కొంగు చేతికి చుట్టుకునేది. ఆ చుట్టుకోవడం నేను చూశాను, చూసి కూడా ఏమీ అడగలేదు.

నేను పట్టుకున్నప్పుడు నా కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. అమ్మీ వుజూ చేసేది తడి బండ మీద, వట్టి కాళ్ళతో.

పొద్దున్నే, ఫజర్‌కి ముందే బేగంను లేపాను. లాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి, టేపు లేకుండా ఖాళీ మిషన్ తగిలించి, ఆవాజ్ పెంచి కూచున్నాను. సుయ్ తప్ప ఏమీ లేదు. ‘గీజర్ వెయ్’ అన్నాను. వేసింది. గుయ్. ‘ఆపు.’ ఖామోషీ. ‘వెయ్.’ గుయ్. ఐదుసార్లు వేసి ఆపింది పాపం, ఈయనకేమైందోనన్నట్టు చూస్తూ. పదమూడో నిమిషం సంగతి అప్పుడు తేలింది. నీళ్ళు కాగాక గీజర్ తనంతట తాను ఆగిపోతుంది. ఇరవై ఒకటో నిమిషంలో అమ్మీ వుజూకి కొళాయి తిప్పి ఉంటుంది, చల్లనీళ్ళు చేరగానే మళ్ళీ వెలిగి ఉంటుంది. అంటే అబ్బా ఆవాజ్ వెనక నేను రికార్డు చేసింది, ఆ పొద్దున అమ్మీ చేతికి కరెంటు తగులుతున్న చప్పుడు.

టెస్టర్ తెచ్చి కొళాయికి ఆనించాను. లోపలి బుడ్డ బల్బు నారింజ రంగులో వెలిగింది. గుమ్మంలో అమ్మీ నిలబడి ఉంది, ఒక చేతికి కొంగు చుట్టుకుని. ఏమీ అనలేదు. ‘మై బోలీ నా’ అని ఒక్క మాటన్నా బాగుండేది. పోయి మెయిన్ ఆపేశాను.

నేను పద్దెనిమిదేళ్ళుగా పత్రికలో పని చేస్తున్నాను. ‘విద్యుదాఘాతంతో మహిళ మృతి’ అని నా చేత్తో ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. సింగిల్ కాలమ్, నాలుగు లైన్లు. బట్టలారేస్తుండగా, నీళ్ళ మోటార్ వేస్తుండగా, ఎండాకాలంలో కూలర్ తాకి, చలికాలంలో గీజర్. పేరు, వయసు, ఊరు, భర్త పేరు, కేసు నమోదు. ఆ నాలుగు లైన్లకు ముందు నెలల తరబడి ఆ ఇంట్లో ఆమె ‘కొళాయి కొరుకుతోంది’ అని చెప్పి ఉంటుందా అని నేను ఎవర్నీ అడగలేదు. నాలుగు లైన్లలో దానికి జాగా ఉండదు.

మా గల్లీ అంతా కరెంటు మామూ అని పిలిచే మిస్త్రీ వచ్చాడు. ఒక హోల్డర్లో బల్బు, దానికి రెండు తీగలు. అదే ఆయన యంత్రం. సాకెట్టులో కింది రెండు రంధ్రాల్లో పెడితే బల్బు వెలిగింది. ఒక తీగ ఫేజులోనే ఉంచి, రెండోది పైన లావు రంధ్రంలో పెట్టాడు. భూమి సరిగ్గా ఉంటే అప్పుడూ వెలగాల. వెలగలేదు. ఇంట్లో అన్ని సాకెట్లూ అంతే. ‘ఎర్త్ తీగ ఇల్లంతా ఉంది సార్, భూమిలోకే పోలేదు. మీరు బండలు యేపిచ్చినారు గదా, అప్పుడు కోసేసినట్టుండారు’ అన్నాడు. నిజమే. నాలుగేళ్ళ కింద ముందు వాకిలికి టైల్స్ వేయించాం. మూల మీద ఒక తుప్పు పట్టిన గొట్టం, దానికి చుట్టిన ఇనుప తీగ కనిపించాయి. అసహ్యంగా ఉందని తీయించింది నేనే.

ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. గీజర్ లోపల నీళ్ళు కాచే కడ్డీకి పగులొచ్చి కరెంటు కొంచెం కారుతోంది. భూమి ఉంటే ఆ కారింది భూమిలోకి పోయేది. లేదు కాబట్టి ఇంట్లో ఉన్న ఎర్త్ తీగంతా ఎక్కింది. గీజర్ నుంచి ఇనప పైపుల గుండా కొళాయికి, ఫ్రిజ్ ఒంటికి, నా ఛార్జర్ మూడో పిన్ను గుండా లాప్‌టాప్‌కి, అక్కణ్ణుంచి తీగ వెంట టేప్‌రికార్డర్‌కి. అంటే మనల్ని కాపాడటానికి వేసిన తీగే ఒక గదిలో జబ్బును అన్ని గదులకూ మోసింది. మరి ఫ్యూజు ఎందుకు పోలేదంటే, అది పోవాలంటే ఆంపియర్ల లెక్కన కరెంటు పారాల. మనిషి చెయ్యి కొళాయికి అంటుకుపోవడానికి పది మిల్లీ ఆంపియర్లు చాలు, ముప్పై దాటితే గుండెకే ముప్పు. అంత చిన్న లెక్క ఫ్యూజుకి కనపడదు. దానికి వేరే స్విచ్చి ఉంటుంది, ఆర్‌సీసీబీ అంటారు. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు రెండూ సరిచూస్తూ ఉంటుంది. ముప్పై మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోగానే కొట్టేస్తుంది. అది మా ఇంట్లో లేదు. మీ ఇంట్లో ఉందేమో ఇది చదవడం అయ్యాక మెయిన్ బోర్డు దగ్గరికి పోయి చూడండి. దాని మీద ‘టి’ అని ఒక చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాల. ఇంకో మాట, ఎర్త్ లేదని ఎవరన్నా మూడో రంధ్రాన్ని న్యూట్రల్‌తో కలిపేస్తామంటే కలపనివ్వకండి. మామూ అయితే ఆ మాటెత్తితేనే తిట్టాడు.

వాకిలి మూల ఎనిమిది అడుగులు తవ్వారు. నా టైల్స్ నాలుగు పగిలాయి. ఇనప గొట్టం నిలబెట్టి చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్ళీ బొగ్గు, మళ్ళీ ఉప్పు. అమ్మీ కుర్చీ వేసుకుని చూసింది. ‘ఇంత ఉప్పు పోస్తే బీపీ రాదా భూమికి’ అని మామూతో హాస్యమాడింది. ఆయన నవ్వి, ‘ఎండాకాలం ఎండిపోతే పని చెయ్యదు ఖాలా, తడి ఉండాల. రోజూ నాలుగు చెంబులు పొయ్యండి’ అన్నాడు. కడప ఎండల్లో రోజూ ఎవరు పోస్తారు? చివరికి ఆయనే వుజూ నీళ్ళు పోయే పైపును అటు తిప్పాడు. ఐదు పూటలూ దానికి తడి అందుతుంది. గీజర్ కడ్డీ మార్చాం, ఆర్‌సీసీబీ పెట్టాం. బల్బు మళ్ళీ పెట్టి చూస్తే లావు రంధ్రంలో ఫెళ్ళున వెలిగి, మరుక్షణం కొత్త స్విచ్చి టక్కున కొట్టేసి ఆరిపోయింది. ‘అట్లే పడాల’ అన్నాడు మామూ ఖుషీగా.

మరుసటి రోజు క్యాసెట్టు పలుకులు రెండూ విరగ్గొట్టి, ఎ సైడ్ మళ్ళీ ఎక్కించాను. గీజర్ వెలుగుతూనే ఉంది, ఛార్జర్ ఉంది. తేనెటీగలు లేవు. అబ్బా వెనక ఎవరో పళ్ళెం కడుగుతున్న చప్పుడు, అరబ్బీలో రేడియో, ఒకచోట ఆయన దగ్గు. ఇవన్నీ ఇన్నేళ్ళూ ఆ టేపులోనే ఉన్నాయి. భయ్యాకు పంపాను.

బి సైడ్ దగ్గర ఆగాను. అమ్మీని అడిగాను, ఎక్కించనా వద్దా అని. చాలాసేపు తస్బీ తిప్పుతూ ఉండిపోయి, ‘తూ నక్కో సున్’ అంది. వినను అన్నాను. స్పీకర్లు ఆపేశాను, ఇయర్‌ఫోన్లు తీసేశాను. టేపు మొదట్లో మాట లేని నాలుగైదు సెకన్లు ఉంటాయి కదా, ఆ కాసేపు గీత సన్నగా ఉందా లేదా అని తెర మీద చూసుకుని, ఉంది కాబట్టి తెర కిందికి వంచి, వాకిట్లో పోయి కూచున్నాను. ముప్పై నిమిషాలు.

అసర్ తర్వాత అమ్మీకి ఇయర్‌ఫోన్లు పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. ఒకసారి నవ్వింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మగ్రిబ్ అజాన్ వినపడ్డాక బయటికొచ్చి, వుజూకి పోతూ, కొళాయిని వట్టి చేత్తో తిప్పింది.

రాత్రి ఆ ఫైలుకు పేరు ఏం పెట్టమంటావని అడిగాను. ‘నామ్ కైకు’ అంది. ఇప్పటికీ దానికి పేరు లేదు.